పిల్లలకి తెలియదు గనక

కిందటి వేసవిలో మా అమ్మాయి కొడుకు, ఎనిమిదేళ్ళవాడు, సెలవులకి వచ్చి రెండు నెలలు మా ఇంట్లో ఉన్నాడు. వాడు పుట్టి పెరుగుతున్నది అమెరికాలో. వాడితోపాటు మా ఇంట్లోకి ఒక పసుపుపచ్చని స్పాంజి ముక్క కూడా ప్రవేశించింది. దానికి కాళ్ళూ చేతులూ, రెండు ముందుపళ్ళూ, చదరపు లాగూ ఉన్నాయి. పేరు స్పాంజ్‌బాబ్. సముద్రం అడుగున బికినీ బాటమ్ అనే ఊళ్ళో, ఒక పీత నడిపే హోటల్లో వంటవాడు. నేను ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో సాహిత్యం చెప్పినవాణ్ణి. పిల్లల బొమ్మల సీరియలు మీద వ్యాసం రాస్తానని ఎన్నడూ అనుకోలేదు. రాయక తప్పకపోవటానికి కారణం నా పాత మిత్రుడొకాయన నన్నడిగిన ప్రశ్న.

మొదట మేము ఆ సీరియలుని మొదటినించీ వరసగా చూశాం. పదకొండేసి నిమిషాల చిన్న కథలు. వాడు చూసి నవ్వేవాడు, నేను వాడి పక్కన కూర్చుని, ఆ ఉచ్చారణ నాకు అందనప్పుడు వాణ్ణి అడిగి తెలుసుకుని, వాడికంటే ఒక క్షణం ఆలస్యంగా నవ్వేవాణ్ణి. కొన్నాళ్ళకి వాడికి వరస మీద విసుగు పుట్టి ఎక్కడెక్కడివో చూడటం మొదలుపెట్టాడు. అప్పటినించీ నాకు నవ్వు రావటం తగ్గిపోయింది. వాడు మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. ఈ సంగతి నా మిత్రుడితో చెప్పి, "ఇంత మంచి సరుకు ఇట్లా ఎందుకు పాడయిందంటావు?" అన్నాను. ఆయన కూడా పంతులే, లెక్కలు చెప్పినవాడు. "పాడయిందని ఎవరన్నారు?" అన్నాడాయన. "ఏటేటా కొత్త పిల్లలు వస్తూనే ఉంటారు. ప్రతి పిల్లవాడికీ తాను చూసిందే మొదటిది. పాతది బాగుండేదన్న సంగతి నీకు గుర్తుంది గనక నీకు బాధ. గుర్తులేని వాడికి నష్టమేమిటి?"

వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఈ వాదన తేలికయినదేమీ కాదు. తనకు మంచిది తెలియనివాడికి చెడ్డది ఇస్తే అన్యాయం జరిగినట్టా, కాదా? జరిగితే అది ఎవరికి జరిగినట్టు?

ముందు ఆ సీరియలు సంగతి కొంత చెప్పాలి. చూడని పాఠకులు చాలామంది ఉంటారు.

దాన్ని సృష్టించిన స్టీఫెన్ హిలెన్‌బర్గ్ మొదట సముద్రజీవశాస్త్రం చెప్పే పంతులు. కాలిఫోర్నియా తీరాన ఒక విద్యాసంస్థలో పిల్లలకి ఆటుపోట్ల మధ్య బతికే జీవాల గురించి చెబుతూ, 1989లో వాటిమీద బొమ్మల పుస్తకమొకటి గీశాడు. అందులో కథ చెప్పేది ఒక స్పాంజి. తరవాత ఆయన బొమ్మల చిత్రాల కళ చదువుకుని, కొన్నేళ్ళు ఇంకొకరి సీరియలుకి పనిచేసి, 1999లో తన సొంత సీరియలు మొదలుపెట్టాడు. మొదటి మూడు సీజన్లలో 60 భాగాలు వచ్చాయి. 2004లో సినిమా వచ్చింది. ఆ సినిమాతో కథ ముగించెయ్యాలని ఆయన అనుకున్నాడు. దిగజారకముందే ఆపెయ్యటం మంచిదని ఆయన అభిప్రాయం. ప్రసారం చేసే చానలు, నికలోడియన్, ఆపటానికి ఒప్పుకోలేదు. ఆయన రోజువారీ పని పాల్ టిబిట్ అనే సహచరుడికి అప్పగించి తప్పుకున్నాడు. సీరియలు సాగింది. 2018లో హిలెన్‌బర్గ్ నరాల జబ్బుతో చనిపోయాడు. ఆయన పోయిన తరవాత 2021లో, ఆ పాత్రల చిన్నతనం గురించి ఒకటీ, ప్యాట్రిక్ అనే నక్షత్రచేప కుటుంబం గురించి ఒకటీ, రెండు పిల్ల సీరియళ్ళు పుట్టాయి. అసలు సీరియలుకి పదిహేనో సీజను 2024లో మొదలయింది.

లోకంలో పిల్లల కథలు వేలున్నాయి. ఈ ఒక్కదాని గురించి నేను బెంగపడటం దేనికి? దేనికంటే ఇది పని గురించిన కథ. పిల్లల కథల్లో రాజులుంటారు, మాంత్రికులుంటారు, మాట్లాడే జంతువులు వందలుంటాయి. గంటల లెక్కన కూలి తీసుకునే వంటవాడూ, గల్లాపెట్టె దగ్గర నిలబడి తన బతుకుని తిట్టుకునే గుమాస్తా, దమ్మిడీ కోసం ప్రాణం విడిచే యజమానీ, ఈ ముగ్గురూ రోజూ ఒకే కప్పుకింద కనిపించే పిల్లల కథలు నాకు ఎక్కువ తెలియవు. వంటవాడికి తన పనంటే ప్రాణం. గుమాస్తా స్క్విడ్‌వార్డ్‌కి ఆ పనంటే అసహ్యం. అతను తనను తాను కళాకారుడనుకుంటాడు, క్లారినెట్ వాయిస్తాడు, బాగా వాయించలేడు. యజమాని క్రాబ్స్‌కి ఇద్దరూ ఒకటే, లెక్కపుస్తకంలో ఖర్చు కింద రాసే పద్దులు.

మొట్టమొదటి కథలోనే స్పాంజ్‌బాబ్ ఉద్యోగం కోసం వస్తాడు. వాణ్ణి వదిలించుకోవటానికి యజమానీ గుమాస్తా కలిసి, ప్రపంచంలో ఎక్కడా దొరకదనుకున్న ఒక విచిత్రమైన అట్లకాడ కొనుక్కురమ్మని పంపుతారు. ఇంతలో ఆకలిగొన్న చేపల గుంపొకటి హోటలుమీద పడుతుంది. ఆ కుర్రవాడు నిజంగానే ఆ అట్లకాడతో తిరిగొచ్చి అందరికీ తిండిపెడతాడు. తనను ఎగతాళి చేశారని వాడికి తట్టనే తట్టదు. ఆ అమాయకత్వంలో ఒక బలం ఉన్నది. లోకం తనమీద వేసిన హాస్యాన్ని వాడు నిజమని నమ్మటంచేత లోకమే చిన్నబోతుంది.

అదే ఏడు వచ్చిన ఇంకొక కథ నాకు మరీ ఇష్టం. ఇద్దరూ కలిసి ఒక వినియోగదారుడికి పిజ్జా అందజెయ్యటానికి బయలుదేరి దారి తప్పుతారు. ఎండలో, గాలిలో నానాయాతనా పడతారు. స్క్విడ్‌వార్డ్‌కి ఆకలేసి ఆ పిజ్జా తినేద్దామంటే స్పాంజ్‌బాబ్ ఒప్పుకోడు, అది కొన్నవాడి సొత్తు. తీరా అక్కడికి చేరితే, తాగటానికి తేలేదని ఆ మనిషి కసిరి మొహంమీద తలుపు వేస్తాడు. కుర్రవాడు గుమ్మంలో కూలబడి ఏడుస్తాడు. అప్పుడు స్క్విడ్‌వార్డ్, పొద్దున్నించీ వాణ్ణి తిడుతూ వచ్చినవాడు, ఆ డబ్బా తీసుకుని వెళ్ళి తలుపు కొట్టి, తలుపు తీసినవాడి మొహంమీద పిజ్జా కొట్టి, తిరిగొచ్చి, "తిన్నాడులే, అంతా ఒక్క గుక్కలో తినేశాడు" అని అబద్ధం చెబుతాడు. ఆ అబద్ధం గురించి ఎవరూ వ్యాఖ్యానించరు. కథ అంతటితో సరి. మనమడు నవ్వాడు. కొంచెం సేపయ్యాక, "తాతయ్యా, స్క్విడ్‌వార్డ్ మంచివాడా చెడ్డవాడా?" అని అడిగాడు. కాలేజీలో నేను కష్టపడి రాబట్టవలసి వచ్చిన ప్రశ్న అది.

2001లో సమ్మె కథ వచ్చింది. క్రాబ్స్ తన పనివాళ్ళకి జీతానికి బదులు బిల్లు ఇస్తాడు. వాళ్ళు మాట్లాడినందుకూ, ఊపిరి పీల్చినందుకూ కూడా రుసుము వేస్తాడు. స్క్విడ్‌వార్డ్ సమ్మె ప్రకటిస్తాడు. స్పాంజ్‌బాబ్‌కి సమ్మె అంటే ఏమిటో సరిగా తెలియదు. నాయకుడి ఉపన్యాసంలోని పెద్దమాటల్ని ఉన్నవున్నట్టు నమ్మి, అర్ధరాత్రి వెళ్ళి హోటలుని చెక్కలు చెక్కలుగా ధ్వంసం చేస్తాడు. ఆ నష్టం తీరేదాకా ఇద్దరూ వెట్టి చెయ్యవలసి వస్తుంది. ఈ కథని కార్మికపక్షపు కథ అనటానికి నేను సిద్ధంగా లేను. సమ్మె నాయకుడిమీద అందులో ఉన్న హాస్యం యజమానిమీద ఉన్నంతా ఉన్నది. కాని ఒక సంగతి అందులో దాపరికం లేకుండా ఉన్నది: యజమాని లాభమూ పనివాడి బతుకూ ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. ఎనిమిదేళ్ళ పిల్లవాడు అది చూసి, "ఊపిరికి డబ్బు తీసుకోవచ్చా?" అన్నాడు. తీసుకోకూడదని వాడికే తెలుసు. నన్ను అడిగింది ఆ పీతకి ఎవరూ ఎందుకు చెప్పరని.

ఇక 2008లో వచ్చిన కథ. స్పాంజ్‌బాబ్ వంట చేస్తుండగా బొటనవేలికి చెక్కపేడు గుచ్చుకుంటుంది. దెబ్బతగిలిన పనివాణ్ణి ఇంటికి పంపేస్తారని స్క్విడ్‌వార్డ్ చెబుతాడు. అంచేత స్పాంజ్‌బాబ్ ఆ గాయం యజమాని కంటపడకుండా దాచిపెట్టుకుని పని చేస్తూనే ఉంటాడు. ప్యాట్రిక్ వచ్చి వైద్యం చేసి దాన్ని మరింత చెడగొడతాడు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పని పోతుందేమోనని గాయం దాచుకునే పనివాడు! ఇంతకంటే బలమైన వస్తువు ఆ సీరియలుకి అంతకుముందు దొరకలేదేమో. మిల్లుల్లో, గనుల్లో, హోటళ్ళ వెనక గదుల్లో ఎంతమంది ఆ వేలుని గుడ్డచుట్టి దాచుకున్నారో మనకి తెలుసు. పాత కథకులయితే యజమానీ గుమాస్తా కుర్రవాడూ ముగ్గురినీ ఆ వేలి చుట్టూ నిలబెట్టేవారు. 2008లో కథకులు కెమెరాని వేలి దగ్గరికి తీసుకుపోయారు. వాపు, రంగుమారిన చర్మం, చీము. పదకొండు నిమిషాల్లో ఎక్కువభాగం ఆ వేలుని దగ్గరినించి చూడటమే. వస్తువు చేతిలో ఉన్నది, చూపు లేదు. మనమడు "ఛీ" అంటూ పడిపడి నవ్వాడు. కథ అయిన తరవాత ఏమీ అడగలేదు.

2010లో వచ్చిన మరొక కథలో, ఎదురు హోటలు నడిపే ప్లాంక్టన్‌కి తిమింగలాలంటే భయమని క్రాబ్స్ కనిపెడతాడు. క్రాబ్స్ కూతురు తిమింగలం (తండ్రి పీత, కూతురు తిమింగలం, మొదటి కథకుల చమత్కారాల్లో అదొకటి). క్రాబ్స్ కూతురి వేషం వేసుకుని ఆ అల్పజీవిని పగలూ రాత్రీ వెంటాడతాడు. అది బతుకుమీద విరక్తిపుట్టి చావటానికి రోడ్డుమీద పడుకునేదాకా వస్తుంది. న్యాయంగా చెప్పాలంటే, స్పాంజ్‌బాబ్ దీనికి అభ్యంతరం చెబుతాడు, చివర క్రాబ్స్‌కి కూడా భయం రుచి చూపిస్తారు. కాని ఆ మధ్యలో ఉన్న నిమిషాలన్నీ మనల్ని నవ్వమన్నది క్రాబ్స్ పక్కన నిలబడి. వేటాడేవాడి భుజంమీదినించి చూపిస్తే వేట తమాషాగానే ఉంటుంది.

క్రాబ్స్ మొదటినించీ లోభే కదా అనవచ్చు. నిజమే. మూడో సీజనులోనే అతను స్పాంజ్‌బాబ్ ఆత్మని 62 సెంట్లకి అమ్మేస్తాడు. ఆ అంకె చూడండి. డాలరు కూడా కాదు. ఆ చిల్లరే లోభంమీద తీర్పు. లోభం అప్పుడు కథకుడి ఎదుట బోనులో నిలబడి ఉండేది. తరవాత అది "క్రాబ్స్ అంతే, భలేవాడు" అనిపించుకునే ముద్దుగుణం అయింది. అట్లాగే స్పాంజ్‌బాబ్ అమాయకత్వం. మొదట అది లోకాన్ని చూసే ఒక పద్ధతి. రానురాను అరుపులుగా, కేకలుగా, కేవలం తెలివితక్కువతనంగా దిగింది. ప్యాట్రిక్ మొద్దుతనంలోకి దుర్మార్గం చేరింది. స్క్విడ్‌వార్డ్ తొలిరోజుల్లో తన అహంకారానికి దెబ్బలు తినేవాడు. తరవాత అతను చేసిన తప్పేమీ లేకుండానే ఇంట్లో కూర్చున్న మనిషిమీద దెబ్బలు వచ్చిపడటం మొదలయింది.

ఈ మార్పు ఎందుకు వచ్చింది? యజమానుల అత్యాశ అని ఒక్కమాటలో తేల్చెయ్యటం మనకి అలవాటు. ఆ మాట అబద్ధం కాదు గాని, అక్కడితో ఆగితే మనకేమీ తెలియదు. అదే నికలోడియన్ 2005లో 'అవతార్' అనే మరొక బొమ్మల సీరియలు మొదలుపెట్టింది. యుద్ధం, సామ్రాజ్యం, శరణార్థులు దాని వస్తువు. దానికి మొదలు ఉన్నట్టే చివర కూడా ముందే ఉన్నది. 61 భాగాల్లో, 2008లో, కథ ముగిసింది. ఒకే యజమాని ఒక కథని ముగియనిచ్చాడు, మరొకదాన్ని ముగియనివ్వలేదు. అవతార్ కథ తన ముగింపుని తనలోనే పెట్టుకుని పుట్టింది, అంచేత ఎవరూ దాన్ని లాగలేకపోయారు. స్పాంజ్‌బాబ్ కథకి ఆ రక్షణ లేదు. ప్రతి పదకొండు నిమిషాల చివరా ఎవరూ ఏమీ నేర్చుకోకుండా మొదటికి రావటం దాని పద్ధతి. అట్లాంటి కథని ఆపేవాడు బయట ఉండాలి. ఆపాలనుకున్నవాడికి ఆపే హక్కు లేకపోయింది.

పొడుగే రోగం అందామా అంటే అదీ కుదరదు. బేతాళుడి కథలు మొదట ఇరవయ్యయిదే. 'చందమామ' వాటిని దశాబ్దాల తరబడి సాగదీసింది. ఎక్కడెక్కడి కథలో తెచ్చి విక్రమార్కుడి భుజాన వేసింది. వాటిలో పేలవమైనవి చాలానే ఉన్నాయి, కాని ఆ చట్రం చివరిదాకా పూర్తిగా చావలేదు. ప్రతి కథ చివరా శవం ఒక ప్రశ్న అడిగి తీరాలి. ప్రశ్న లేకపోతే కథ అచ్చుకి ఎక్కదు. కథకుడు ఎంత బద్ధకస్తుడయినా నెలకొకసారి ఒక ధర్మసందేహం వెతుక్కోక తప్పదు. స్పాంజ్‌బాబ్‌కి అట్లాంటి నియమం ఏదీ లేదు. మంచి కథకులున్నంత కాలం ప్రశ్న వాళ్ళంతట వాళ్ళే తెచ్చారు.

మరి లోపలి కారణం ఏమిటి? నాకు తోచినంతవరకు ఇది. అప్పటికే ఆ స్పాంజి ముఖం అన్నం డబ్బాలమీదా, చొక్కాలమీదా, దుప్పట్లమీదా ఎక్కింది. వందల కోట్ల డాలర్ల సరుకు ఆ ముఖంతో అమ్ముడయింది. అన్నం డబ్బామీద అచ్చువేసిన ముఖానికి ఒకటే భావం ఉంటుంది. అమ్మకాల శాఖవాళ్ళు వచ్చి కథలు రాశారని నేననను. అట్లా జరగవలసిన అవసరం కూడా లేదు. పాత్రని ఊరంతా ఒకే గుర్తుతో గుర్తుపడుతున్నప్పుడు, కొత్తగా వచ్చిన కథకుడి చేతికి అందేది ఆ గుర్తే. పాత్ర పుట్టినప్పటి పరిస్థితి అతనికి అందదు. గుర్తులో పరిస్థితి ఉండదు, అంచేత దాన్ని పెంచటమే దారి. నవ్వేవాడు ఇంకా గట్టిగా నవ్వాలి, లోభి ఇంకా లోభించాలి, దెబ్బ ఇంకా దగ్గరినించి కనిపించాలి. మన నాటక సమాజాల్లో చప్పట్లు పడిన పద్యానికి ఏటా ఇంకొంచెం రాగం పెంచి, చివరికి అర్థం వినపడకుండా చేసిన నటులు ఎందరో పాఠకులకి తెలుసు. నాకు వాళ్ళంటే కోపం కూడా లేదు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆపేస్తే చాలునా అన్నది కూడా అంత సుళువు కాదు. టామ్, జెర్రీల పిల్లీ ఎలకా సంగతి చూడండి. హానా, బార్బెరాలు 1940 నించి ఆ చిత్రాలు తీసి ఏడు ఆస్కారులు తెచ్చారు. 1957లో ఎమ్.జి.ఎమ్. కంపెనీ ఆ బొమ్మల విభాగం మూసేసింది. పాతవాటినే తిప్పి విడుదల చేస్తే దాదాపు అంత డబ్బూ వస్తుందని లెక్క తేలింది. నాలుగేళ్ళు పోయాక అదే కంపెనీకి మళ్ళీ కొత్తవి కావలసివచ్చి, తక్కువ ఖర్చులో ప్రాగ్‌లో పదమూడు తీయించింది. గీసినవాళ్ళు అసమర్థులు కారు, కాని ఆ పిల్లికీ ఎలకకీ మధ్య ఉన్న సంబంధం వాళ్ళది కాదు. హిలెన్‌బర్గ్ ఆపాలనుకున్నది కథ అయిపోయిందని. ఎమ్.జి.ఎమ్. ఆపింది లెక్క కుదిరిందని. ఈ రెండు ఆపటాలూ ఒకటి కావు.

ఇప్పుడు నా మిత్రుడి ప్రశ్నకి వస్తాను. తెలియని పిల్లవాడికి నష్టమేమిటి?

పాలలో నీళ్ళు కలిపి పసిపిల్లకి పట్టితే ఆ పిల్లకి తెలియదు. నీళ్ళపాలు తప్ప ఎరగని పిల్లకి అసలే తెలియదు. అయినా ఎముక బలహీనంగా పెరుగుతుంది. ఈ మాట నా మిత్రుడితో అంటే, "పాలకి కొలత ఉన్నది, నవ్వుకి కొలతేది?" అన్నాడు. లెక్కల మనిషి కదా. కొలత లేదని ఒప్పుకుంటాను. నా దగ్గర ఉన్నది ఒక్క పిల్లవాడి రెండు నెలల సాక్ష్యం మాత్రమే: కొన్ని కథలు చూసి వాడు ప్రశ్న అడిగాడు, కొన్ని చూసి అడగలేదు. రెండు రకాలకీ సమానంగానే నవ్వాడు. నవ్వుని బట్టి చూస్తే మిత్రుడే గెలుస్తాడు. చానలువాళ్ళు చూసేది కూడా నవ్వునే, ఇంకా చెప్పాలంటే కూర్చుని చూసిన పిల్లల సంఖ్యని. అడగని ప్రశ్న ఏ లెక్కలోకీ రాదు.

నిజానికి మిత్రుడి వాదనలోనే అతనికి వ్యతిరేకమైన మాట ఉన్నదని తరవాత తోచింది. పెద్దవాడికి చెడ్డ పుస్తకం ఇస్తే వాడు పక్కన పడేస్తాడు, తిడతాడు, ఇంకొకటి తెచ్చుకుంటాడు. అతనికి పోల్చటానికి గతం ఉన్నది. పిల్లవాడికి ఆ ఆయుధం లేదు. ఆయుధం లేనివాడితో బేరమాడేవాడి బాధ్యత తగ్గుతుందా, పెరుగుతుందా? "పిల్లలకి తెలియదు గనక ఫరవాలేదు" అన్న వాక్యాన్నే "కూలివాడికి లెక్క రాదు గనక ఫరవాలేదు" అని మార్చి చదివితే, మనలో ఎవరమూ ఒప్పుకోం. ఇది విని మిత్రుడు కొంతసేపు ఊరుకుని, "కూలివాడు లెక్క నేర్చుకుంటే తిరగబడతాడు. పిల్లవాడు పెద్దవాడయితే ఆ సీరియలునే ప్రేమగా తలుచుకుంటాడు" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. నా చిన్నతనంలో నేను ప్రేమించిన పత్తేదారు నవలల్లో సగం చెత్త.

మరొక సంగతి కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ సీరియలు దిగిన మెట్టుమీదే ఉండిపోలేదు. 2015లో రెండో సినిమా వచ్చేనాటికి హిలెన్‌బర్గ్ మళ్ళీ కొంత చేయి వేశాడు, తరవాతి కథల్లో బొమ్మలకి చురుకు వచ్చింది. ముఖాలు రబ్బరులాగా సాగుతాయి, కళ్ళు తిరుగుతాయి, గీత ఎంతో హుషారుగా ఉంటుంది. కొన్ని నాకూ నచ్చాయి. కాని ఆ గుమ్మంలో కూలబడి ఏడ్చిన వంటవాడు మళ్ళీ కనిపించలేదు. కొత్త కథల్లో ఎవరికీ అంతసేపు కదలకుండా ఉండే తీరిక లేదు.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెడుతున్నది వేరే ఉన్నది. ఆ సీరియలు ఆలోచన అమెరికాలో పుడుతుంది గాని, కథలకి కదలికనిచ్చే గీతపని చాలాభాగం దక్షిణ కొరియాలో, రఫ్ డ్రాఫ్ట్ అనే స్టూడియోలో జరుగుతూ వచ్చింది. పాతికేళ్ళుగా అక్కడ ఎందరికో అది అన్నం పెట్టింది. కథ 2004లో గౌరవంగా ముగిసి ఉండవలసింది అని నేను ఇక్కడ కూర్చుని రాయగలను. ఆ బల్లల ముందు కూర్చున్నవాళ్ళు ఏమంటారు? మిల్లు మూసెయ్యమనే హక్కు బట్ట నచ్చనివాడికి ఉన్నదా? మూతపడిన మిల్లు పేరు చెప్పి యజమానులు ఎప్పుడూ మన నోరు నొక్కుతారన్నది నిజం. అయినా ఆ ప్రశ్న యజమాని అడిగినంత మాత్రాన అబద్ధం కాదు. ఆ చెక్కపేడు కథని నేను రెండోసారి చూశాను. మనమడు నిద్రపోయాక, ధ్వని తీసేసి. ధ్వని లేకపోతే గీత కనిపిస్తుంది. ఆ వేలుని గీసిన చెయ్యి అసమర్థురాలిది కాదు. వాపు ఎట్లా ఎక్కుతుందో, చర్మం ఎట్లా బిగుస్తుందో, నొప్పి దాచుకుంటున్న మనిషి భుజం ఎట్లా ముడుచుకుంటుందో ఆమెకో, అతనికో, బాగా తెలుసు. ముందుపళ్ళు బిగబట్టి, వేలు వెనక్కి పెట్టుకుని, అట్లకాడ ఎడమచేతిలోకి మార్చుకుని స్పాంజ్‌బాబ్ యజమాని ఎదుట నిలబడి ఉంటాడు. చీము ఇంకా రాలేదు. అక్కడ ఆపి చాలాసేపు చూశాను.